మండలం వార్తల గ్రూపుకి రూల్స్ పెట్టాలి. ఏం పెట్టాలి, ఎవరు తీసేయాలి?

కాలువగట్టు

అందరికీ నమస్కారం. మా మండలం వార్తల వాట్సాప్ గ్రూపుకి నేను అడ్మిన్‌ని. 2020 లాక్‌డౌన్‌లో కూరగాయల బండి ఏ వీధికి ఎప్పుడొస్తుంది, ఎక్కడ బారికేడ్లు పెట్టారు అని చెప్పుకోవడానికి అరవై మందితో మొదలుపెట్టాం. ఇప్పుడు 870 మంది ఉన్నారు, చేరతామని బయట ఇంకో వంద మంది లైన్లో ఉన్నారు. ఇద్దరు విలేకరులు, రెండు పార్టీల నాయకులు, టీచర్లు, ఆర్ఎంపీలు, కరెంటు లైన్‌మన్, కువైట్‌లో ఉన్నవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు అందరూ ఇందులోనే. కరెంటు పోయినా, కాలువకి నీళ్లు వదిలినా, రైతు బజార్లో టమాటా రేటు పడిపోయినా మా ఊళ్లో పేపర్ కంటే ముందు ఇక్కడే తెలుస్తుంది.

నలుగురం అడ్మిన్లం. నేను, మెడికల్ షాపాయన, ఒక రిటైర్డ్ మాస్టారు, ఇంకో కుర్రాడు. కుర్రాడు పోయిన ఏడాది ఒక పార్టీలో చేరాడు, అదొక తలనొప్పి, దాని గురించి తర్వాత చెప్తాను.

అసలు విషయం ఇది. పోయిన నెల రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మెయిన్ రోడ్డు మీద బైక్ యాక్సిడెంట్ అయింది. అటుగా వెళ్తున్న ఆటో అబ్బాయి ఒకడు ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. మొహం కనపడలేదు, దుప్పటి కప్పేశారు. కానీ పక్కన ఒక చెప్పు పడి ఉంది, నీలం పట్టీ ఉన్నది. ఆ యాక్సిడెంట్‌లో చనిపోయిన కుర్రాడి అమ్మ ఫోన్ చూడదు, ఆవిడ చెల్లెలి కూతురు చూసి, "పెద్దమ్మా, ఇది మన వాడి చెప్పేనా" అని తీసుకెళ్లి చూపించిందట. ఆ చెప్పులు వారం కిందట ఆవిడే సంతలో కొనిపెట్టింది. నేను అప్పుడు పెళ్లి భోజనంలో ఉన్నాను, ఫోన్ జేబులో ఉంది. నలభై నిమిషాల తర్వాత చూసి తీసేశాను. అప్పటికే కింద "ఓం శాంతి"లు యాభై దాకా ఉన్నాయి, మధ్యలో ఎవరో హెల్మెట్ గురించి ఉపన్యాసం కూడా పెట్టారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. రూల్స్ లేవా అంటే ఉన్నాయి. వేరే గ్రూపు నుంచి కాపీ చేసి పెట్టుకున్నవి పద్నాలుగు. రాజకీయాలు వద్దు, మతం వద్దు, గుడ్ మార్నింగ్‌లు వద్దు, ఫార్వర్డ్‌లు వద్దు, వ్యాపార ప్రకటనలు వద్దు... పద్నాలుగోది ఏంటో నాకే గుర్తులేదు.

అడగాలనుకున్నవి: యాక్సిడెంట్ ఫొటోలు మొత్తానికే ఆపేయాలా? రాజకీయాలు లేకుండా వార్తల గ్రూపు నడుస్తుందా? ఒకరి పోస్టు తీసేస్తే కారణం అందరి ముందు చెప్పాలా, విడిగా చెప్పాలా? ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ని స్టేషన్‌కి పిలుస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇది చిన్న ఊరు, పోస్టు తీసేసిన పావుగంటకే ఆ మనిషి టీ కొట్టు దగ్గర ఎదురుపడతాడు. అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

పాత డెస్క్

ఇరవై రెండేళ్లు పేపర్లో జిల్లా డెస్క్‌లో పనిచేసి బయటికొచ్చాను. మీ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ చెప్పు సంగతి.

ముందు ఆ పద్నాలుగు రూల్స్ తీసి అవతల పారేయండి. ఏ గ్రూపులోనైనా "వద్దు"ల జాబితా పెడితే జరిగేది ఒకటే, అందరూ రోజూ దాన్ని తప్పుతుంటారు, అడ్మిన్‌కి నచ్చనివాడు తప్పినప్పుడు మాత్రం అది గుర్తొస్తుంది. అవతలివాడు వెంటనే "మొన్న ఫలానాయన పెడితే తీయలేదే" అంటాడు, అన్నమాట నిజమే అవుతుంది, మీ దగ్గర జవాబుండదు.

మా డెస్క్‌లో కొత్త కంట్రిబ్యూటర్‌కి, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపేవాడికి, మొదటి రోజు నేర్పేది ఒకటే ప్రశ్న: "ఎవరు చెప్పారు?" వార్త పంపగానే ఫోన్ చేసి అదే అడిగేవాళ్లం. నువ్వు చూశావా, ఎస్సై చెప్పాడా, టీ కొట్టు దగ్గర విన్నావా? మీ గ్రూపుకీ అదే సరిపోతుంది. పోస్టు పెట్టేవాడు మొదటి ముక్కలోనే చెప్పాలి, "నేను చూశాను" లేదా "ఫలానావారు చెప్పారు" లేదా "నాకు ఫార్వర్డ్ వచ్చింది, నాకు తెలియదు". మూడోది నిషేధించక్కర్లేదు, కానీ ఆ మాట రాయాలి. "నాకు తెలియదు" అని చేత్తో టైప్ చేయాల్సొస్తే సగం మంది అసలు పెట్టరు, నా అనుభవంలో మనిషికి అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే.

రెండోది వెర్షన్. ఒకరి మీద ఆరోపణ ఉంటే ఆ మనిషి ఏమంటున్నాడో కూడా ఉండాలి. రేషన్ డీలర్ బియ్యం తక్కువ తూచాడని పెట్టే ముందు డీలర్‌ని అడిగారా? అడిగితే ఫోన్ ఎత్తలేదా? అదైనా రాయండి. వెర్షన్ లేని ఆరోపణని అడ్మిన్ తీసేయొచ్చు, తెచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఇందులో ఏ పార్టీవాడైనా ఒకటే.

రాజకీయాలు వద్దు అన్నారు చూశారూ, అది కుదరదు. మండలంలో వార్త అంటేనే సగం అది. పింఛను ఆగితే రాజకీయం, రోడ్డు వేయకపోతే రాజకీయం, వేస్తే ఇంకా పెద్ద రాజకీయం. మీకు విసుగు తెప్పించేది రాజకీయం కాదు, భజన. నాయకుడి పుట్టినరోజు బ్యానర్లు, పాత సభల వీడియోలు, ఆ జెండా ఈ జెండా. ఈ మండలంలో జరిగింది, ఈ వారంలో జరిగింది అయితే ఉంచండి, కాకపోతే తీయండి. అంతకు మించి పార్టీల జోలికి వెళ్లొద్దు.

ఇక ఆత్మహత్యల గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే మా తరం ఇందులో చాలా తప్పు చేసింది. పురుగుమందు పేరు, ఎంత తాగాడు, ఏ చెట్టు, లేఖలో ఏం రాశాడు, అన్నీ వేసేవాళ్లం. ఎలా చనిపోయారో వివరంగా రాస్తే అదే దారి ఇంకొకరు పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెప్తోంది, మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ఆ పద్ధతులనే తీసుకుంది. గ్రూపులో ఈ వార్త వస్తే ఎలా, ఎక్కడ, ఎందుకు అన్నవి ఉండకూడదు, ఫొటో అసలే వద్దు. కింద 14416 నంబరు పెట్టండి, అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

నల్లకోటు

చట్టం సంగతి నేను చెప్తాను. జిల్లా కోర్టులో ప్రాక్టీస్, క్రిమినల్ వైపు.

ఎవరో పెట్టినదానికి అడ్మిన్ జైలుకి వెళ్లాలా అనేది ప్రతి గ్రూపులో ఉండే భయం. ఆ భయానికి కారణం కొన్నిచోట్ల అడ్మిన్ల మీద కేసులు పెట్టడం, ఇంకా "అడ్మిన్లదే బాధ్యత" అని నోటీసులు తిరగడం. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఈ విషయం చూశాయి. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ అయిన పాపానికి అడ్మిన్ దోషి కాడు అన్నాయి. సభ్యుల్ని చేర్చడం, తీసేయడం తప్ప అతని చేతిలో ఏముంది అన్నది అప్పటి వాదన. అవి వేరే రాష్ట్రాల హైకోర్టులు, మన దగ్గర అక్షరాలా కట్టుబడాలని లేదు, కానీ వాదించడానికి గట్టిగా పనికొస్తాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి: మీరే పెట్టినా, పెట్టమని చెప్పి పెట్టించినా ఈ రక్షణ ఉండదు. కింద "సూపర్ బ్రో" అని అడ్మిన్ రాయడం కూడా తెలివైన పని కాదు.

కొందరు ఇంకా 66ఎ కింద కేసు అంటుంటారు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే కేసు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ అది. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది.

మీరు నిజంగా భయపడాల్సింది వేరే చోట. లైంగిక దాడికి గురైన మహిళ పేరు గానీ ఆమెని గుర్తుపట్టే వివరం గానీ బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది. పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్. కేసులో ఇరుక్కున్నది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడైనా సరే, జువెనైల్ జస్టిస్ చట్టం 74 ప్రకారం పేరు, బడి, ఊరు, ఫొటో ఏదీ వేయకూడదు. మండలం గ్రూపులో ఇది పేపర్ కంటే ప్రమాదం. పేపర్లో "ఫలానా మండలానికి చెందిన బాలిక" అంటే ఎవరో తెలియదు, మీ గ్రూపులో "రామాలయం వెనక వీధి, తొమ్మిదో తరగతి" అన్నారంటే పేరు చెప్పినట్టే. ఇక్కడ మాత్రం చర్చ వద్దు, కారణాలు వద్దు, ఏ అడ్మిన్ ముందు చూస్తే వాళ్లు వెంటనే తీసేయండి.

తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కానీ పైన చెప్పిన రకం పోస్టులవి ఎవరికీ పంపకండి, ఆ నలుగురు అడ్మిన్ల గ్రూపులో కూడా.

డ్వాక్రా అక్క

అన్నా, నేను ఇలాంటి గ్రూపులో దెబ్బ తిన్న మనిషిని, అడ్మిన్‌ని కాదు. అటువైపు నుంచి కూడా వినండి.

మా సంఘానికి నేను లీడర్‌ని. రెండేళ్ల కిందట మా ఊరి గ్రూపులో ఎవరో రాశారు, సంఘం డబ్బు 40 వేలు లీడర్ వాడేసుకుంది, బ్యాంకులో కట్టలేదు అని. నా పేరు, మా ఆయన పేరు, మా వీధి. ఉదయం ఎనిమిదింటికి పెట్టారు. నేను ఉపాధి పనికి వెళ్లాను, ఫోన్ ఇంట్లో ఉంది. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా అత్తగారు గడప మీద కూర్చుని ఏడుస్తోంది. సంఘంలో ఇద్దరు వచ్చి అరిచి వెళ్లారంట. అసలు సంగతి ఏంటంటే కట్టిన డబ్బు బ్యాంకు వాళ్లు పొరపాటున వేరే సంఘం ఖాతాలో వేశారు. రెండు రోజుల తర్వాత వాళ్లే సరిచేసి కాగితం ఇచ్చారు.

ఆ కాగితం ఫొటో తీసి అడ్మిన్‌కి పంపాను. ఆయన మంచోడే, పెట్టాడు. ఎప్పుడు పెట్టాడు? రాత్రి పదకొండున్నరకి. దాని తర్వాత వెంటనే ఎవరిదో గుడి తిరునాళ్ల వీడియోలు ఇరవై వచ్చాయి, పైకి కొట్టుకుపోయింది. మొదటి పోస్టుకి కింద 130 మంది మాట్లాడారు, నా కాగితానికి ముగ్గురు చేతులు జోడించారు. ఇప్పటికీ సంతలో ఒకావిడ "ఆ నలభై వేలు తేలిందా" అని అడుగుతుంది.

అందుకని నేను అడిగేది, తప్పు ఏ టైమ్‌లో వచ్చిందో సరిదిద్దింది కూడా అదే టైమ్‌లో రావాలి. పొద్దున్న ఎనిమిదికి వస్తే మర్నాడు పొద్దున్న ఎనిమిదికి. పైన పిన్ చేయండి, కనీసం ఒక వారం. పెట్టినాయనే తన ఫోన్ నుంచి "నేను పెట్టింది తప్పు" అని రాయాలి. అడ్మిన్ రాస్తే అడ్మిన్ ఏదో సర్దిచెప్పాడు అనుకుంటారు.

ఇంకొకటి, మగవాళ్లకి తట్టనిది. గ్రూపులో ఒక ఆడమనిషి "మా వీధిలో నీళ్లు రాలేదు" అని ఒక్క మెసేజ్ పెడితే ఆ రాత్రి నలుగురు విడిగా "హాయ్" అంటారు. నంబరు అందరికీ కనపడుతుంది కదా. మీ 870 మందిలో ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లలో నోరు తెరిచేది ఎంతమంది, ఒకసారి లెక్కపెట్టండి. అలా విడిగా మెసేజ్ చేసినవాడిని ఒక్కసారికే తీసేస్తామని రూల్లో ముందే రాయండి. ఫిర్యాదు తీసుకోవడానికి ఒక ఆడమనిషిని అడ్మిన్‌గా పెట్టండి. నలుగురూ మగవాళ్లే ఉన్నారుగా మీరు.

పాత డెస్క్

అమ్మా, మీరు చెప్పిన టైమ్ సంగతి మేము ఇరవై ఏళ్లలో నేర్చుకోలేదు. మొదటి పేజీలో తప్పు వేసి ఏడో పేజీ మూలన సవరణ వేసేవాళ్లం. ఇంతకంటే ఏం అనను.

తుంగభద్ర అంచు

నాది గద్వాల వైపు. మా దగ్గర ఇది వేరే రకంగా చూశాం. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా దిగింది, కిడ్నీలు కోస్తున్నారు అని ఫోన్లలో వీడియోలు తిరిగినయి. ఊర్లలో జనం రాత్రంతా కట్టెలు పట్టుకుని కాపలా కాసిండ్రు. తెలంగాణలో, దేశమంతా కూడా దీనివల్ల అమాయకులు దెబ్బలు తిని చచ్చిపోయిండ్రు. అప్పుడు మా ఎస్పీగా రెమా రాజేశ్వరి గారు ఉండేవారు. ఆమె ఊరూరా పోలీసులను పంపించి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ మెసేజ్‌లు అబద్ధం అని చెప్పించిండ్రు. అప్పట్లో మేం నవ్వినం, ఫోన్లో వచ్చినదానికి డప్పు ఏంది అని. తర్వాత అర్థమైంది, ఫోన్లో వచ్చినదాన్ని ఫోన్లో కొట్టేస్తే ఎవడూ నమ్మడు, ఊర్లో తెలిసిన మొహం వచ్చి చెప్పాలె. ఆ ఏడాదే వాట్సాప్ కూడా మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి ఐదుగురికే అని కట్టడి చేసింది.

అందుకే భయపెట్టే పోస్టులకి వేరే రూల్ ఉండాలంట నేను. పిల్లల దొంగలు, గ్యాస్ లీక్, చెరువు కట్ట తెగింది, ఇట్లాంటివి ఒక్కరి మాట మీద ఉంచొద్దు. అడ్మిన్ స్టేషన్‌కో, ఇరిగేషన్ ఏఈకో ఫోన్ కొట్టి, ఏం చెప్పిండ్రో వాయిస్ మెసేజ్‌గా పెట్టాలె. టైప్ చేసింది కాదు, గొంతు. మాస్టారి గొంతు అయితే ఇంకా మంచిది, ఊర్లో సగం మందికి చదువు చెప్పి ఉంటడు.

కానీ అన్నీ పుకార్లని తీసేయకండి. 2009 అక్టోబర్‌ల అలంపూర్ మునిగింది నిజంగానే. నీళ్లు వస్తున్నయి అన్నవాడిని ఆ రోజు ఎవడైనా పుకారు పుట్టిస్తున్నవ్ అని నోరు మూయించి ఉంటే? అందుకే తీసేయొద్దు, "కనుక్కుంటున్నాం, పది నిమిషాలు ఆగండి" అని అడ్మిన్ కింద పెట్టాలె. ఆ పది నిమిషాలు ఎవరూ ఫార్వర్డ్ చేయొద్దు అంతే.

డల్లాస్ నుంచి

ఇక్కడ ఎన్‌పీఆర్ అని పెద్ద రేడియో సంస్థ 2016లో తన వెబ్‌సైట్లో కామెంట్లే మూసేసింది. అదే ఏడాది బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక తమకి వచ్చిన 7 కోట్ల కామెంట్లు లెక్కేసుకుని చూస్తే, ఎక్కువ తిట్లు తిన్న పదిమంది రచయితల్లో ఎనిమిది మంది ఆడవాళ్లు, మిగతా ఇద్దరూ నల్లజాతి మగవాళ్లు. పైన అక్క చెప్పిన "హాయ్"ల సంగతి ప్రపంచమంతా ఒకటే అన్నమాట.

నాకు నచ్చింది మాత్రం నార్వే వాళ్లది. 2017లో అక్కడి ప్రభుత్వ బ్రాడ్‌కాస్టర్‌కి చెందిన ఒక సైట్లో కామెంట్ పెట్టాలంటే ముందు ఆ వార్త మీద మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలన్నారు. చదవనివాడు అక్కడే ఆగిపోతాడు, చదివినవాడికి ఆ కాసేపట్లో కోపం తగ్గుతుంది. వాట్సాప్‌లో అలాంటిది లేదు, కానీ కొత్తగా చేరేవాళ్లని అడ్మిన్ ఆమోదించే సెట్టింగ్ ఉంది కదా. చేర్చుకునే ముందు రూల్స్ పంపి "మూడో రూల్ ఏంటి" అని అడగండి.

ఇంకో మాట. మీకు రాత్రి రెండయితే ఎండాకాలంలో మాకు మధ్యాహ్నం మూడున్నర. రాత్రి కాపలాకి మీ ఊరివాడు ఇక్కడెవరైనా ఉంటే అడ్మిన్ చేయండి.

కాలువగట్టు

డల్లాస్ గారూ, మూడో రూల్ ఏంటి అని నన్నడిగితే నేనే చెప్పలేను ఇప్పుడు, అందుకే ఇక్కడికొచ్చాను. కానీ రాత్రి కాపలా ఐడియా బాగుంది. ఒక్కటే అనుమానం, మా గ్రూపులో ఎక్కువ గొడవపడేది అమెరికా వాళ్లే. ఇక్కడ కొట్టుకున్నవాళ్లిద్దరూ సాయంత్రానికి ఒకే బల్ల మీద టీ తాగుతుంటారు, అక్కడివాళ్లు మాత్రం ఇంకా తిట్టుకుంటూనే ఉంటారు.

డల్లాస్ నుంచి

ఒప్పుకుంటాను. అయితే రాత్రి అడ్మిన్‌కి తీసే అధికారం ఇవ్వండి, రాసే అధికారం వద్దు.

సైలెంట్ మోడ్

ఇంత రచ్చ ఎందుకండీ, అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టేయండి. వార్త ఉన్నవాళ్లు మీకు పంపుతారు, మీరు చూసి పెడతారు. ప్రశాంతంగా ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపు అలాగే చేశాం, మూడు నెలలుగా ఒక్క గొడవ లేదు.

పాత డెస్క్

మూడు నెలలుగా వార్త కూడా లేదనుకుంటాను.

నల్లకోటు

దీనికి ఇంకో కోణం ఉంది. అడ్మిన్లే చూసి పెడితే అప్పుడు పెట్టింది అడ్మిన్లే అవుతారు, నేను పైన చెప్పిన రక్షణ పోతుంది. ఆలోచించుకోండి.

కాలువగట్టు

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఏం చేశామో చెప్తాను, ఇంకెవరికైనా పనికిరావచ్చు.

ముందు ఆ ఆటో అబ్బాయిని కలిశాను. నిజం చెప్పాలంటే నాలుగు తిట్టాలనే వెళ్లాను. స్టాండ్‌లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను మొదలుపెట్టకముందే వాడే అన్నాడు, "అన్నా, జేబులో కార్డు లేదు, ఫోన్ పగిలిపోయింది, అంబులెన్స్ వాళ్లు ఎవరి తాలూకు అని అడుగుతున్నారు. గ్రూపులో పెడితే ఎవరైనా గుర్తుపడతారు కదా అని పెట్టాను." నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ వాడు లైకుల కోసం పెట్టాడనుకున్నాను. పెట్టకపోతే ఆ తల్లికి తెల్లారేదాకా తెలిసేది కాదేమో కూడా.

అందుకని ఫొటో వద్దు అని ఊరుకోలేదు. రక్తం, శవం, పడిపోయిన మనిషి ఫొటో గ్రూపులో వద్దు, గుర్తుపట్టాల్సిన అవసరం ఉంటే అడ్మిన్లకి విడిగా పంపాలి, గ్రూపులో మాటల్లో మాత్రమే రాయాలి: ఎక్కడ, ఎన్నింటికి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎవరికి ఫోన్ చేయాలి. బండి నంబరు, బట్టల వివరాలు అడ్మిన్ల దగ్గరే ఉంటాయి. ఈ వాక్యం ఆ ఆటో అబ్బాయి చేతే టైప్ చేయించాను, వాడి భాషలోనే ఉంది.

మొత్తం రూల్స్ ఐదయ్యాయి. ఎవరు చెప్పారో రాయాలి. ఆరోపణకి వెర్షన్ ఉండాలి. ఫొటోల సంగతి పైన చెప్పాను. పిల్లల, బాధిత మహిళల గుర్తింపు అడగకుండా తీసేస్తాం, ఆత్మహత్యల వివరాలు కూడా అందులోనే కలిపాం. ఐదోది ఆడవాళ్లకి విడిగా మెసేజ్ చేస్తే ఒక్కసారికే బయటికి. భయపెట్టే పోస్టుల గురించి రూల్ రాయలేదు, అది మేము చేయాల్సిన పని కదా, అడ్మిన్లం ఒప్పుకున్నాం. మాస్టారు వాయిస్ పెట్టడానికి సరే అన్నారు, పైగా రిహార్సల్ కూడా చేశారు.

అక్క చెప్పినట్టు లెక్కపెట్టాం. పేర్లను బట్టి ఆడవాళ్లు 94 మంది దాకా ఉన్నారు. పోయిన మూడు నెలల్లో ఒక్క మెసేజ్ అయినా పెట్టింది ఏడుగురు, అందులో ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, పోలియో చుక్కల గురించి. వాళ్లలో ఒకావిడని అడ్మిన్‌గా ఉండమని అడిగాం. "మా ఇంట్లో అడిగి చెప్తాను" అంది, నాలుగు రోజులకి సరే అంది. వారంలో మూడు ఫిర్యాదులు వచ్చాయి ఆవిడకి. ఒకడిని తీసేశాం, వాడు నాకు చుట్టం, మా ఆవిడ వైపు. ఇంట్లో సంగతి మీరే ఊహించుకోండి.

తీసేయడం గురించి: వాట్సాప్‌లో అడ్మిన్ తీస్తే ఏ అడ్మిన్ తీశాడో పేరుతో సహా కనపడుతుంది, గొడవలన్నీ అక్కడే పుడుతున్నాయి. అందుకని ఎవరు తీసినా వెంటనే కింద ఒక్క ముక్క రాస్తున్నాం, "రెండో రూల్, వెర్షన్ లేదు" అలా. అంతకు మించి గ్రూపులో వాదన లేదు. అభ్యంతరం ఉంటే ఆదివారం పొద్దున మాస్టారి అరుగు మీదికి రావాలి, అడ్మిన్లందరం ఉంటాం. మొదటి ఆదివారం ముగ్గురు వస్తామన్నారు, ఒక్కడే వచ్చాడు. కాఫీ తాగి, పోస్టు గురించి కాకుండా వాళ్ల పొలం గట్టు తగాదా చెప్పి వెళ్లాడు.

పార్టీలో చేరిన కుర్రాడి గురించి తర్వాత చెప్తానన్నాను కదా. తీసేద్దామనుకున్నాం, మాస్టారు వద్దన్నారు. అవతలి పార్టీ నుంచి ఒకడిని కూడా అడ్మిన్‌గా తెచ్చి, ఆ ఇద్దరూ సొంత పార్టీవాళ్ల పోస్టులు మాత్రమే తీయొచ్చు అన్నారు. నేను తప్పుగా రాయలేదు, సొంత పార్టీవాళ్లదే. వేరే వాళ్ల తప్పుంటే మాకు చెప్పాలి. మొదటి మూడు రోజులు ఇద్దరూ ఏమీ తీయలేదు. నాలుగో రోజు మా కుర్రాడు వాళ్ల నాయకుడి పుట్టినరోజు బ్యానర్ తనే తీసి కింద రాశాడు, "ఈ మండలంలో జరిగింది కాదు" అని. దానికి వచ్చినన్ని నవ్వు బొమ్మలు మా గ్రూపులో ఇంతవరకూ దేనికీ రాలేదు.

ఒక్కటి తేలలేదు, నల్లకోటు గారు చెప్పాలి. మొన్న మోటార్ల దొంగని పట్టుకున్నప్పుడు, ముసుగు లేకుండా ఉన్న ఫొటో పోలీసు స్టేషన్ తాలూకు మనిషే గ్రూపులో పెట్టాడు. నేరం ఇంకా రుజువు కాలేదు, వాడి పిల్లలు మా ఊరి బడిలోనే చదువుతున్నారు. తీయాలని ఉంది, కానీ పెట్టింది వాళ్లు. ఇంకా అలాగే ఉంది ఆ ఫొటో.

నల్లకోటు

వయసెంత? పద్దెనిమిది నిండకపోతే ఇప్పుడే తీసేయండి, ఎవరు పెట్టినా సరే. పిల్లలున్నారంటున్నారు కాబట్టి పెద్దవాడే అనుకుంటాను. సాక్షి ముందు నిలబెట్టి గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ ఇంకా జరగకపోతే ముసుగు లేని ఫొటో బయటికి రావడం పోలీసుల కేసుకే దెబ్బ, సాక్షి ఫొటో చూసి గుర్తుపట్టాడని డిఫెన్స్ లాయర్ అంటాడు. స్టేషన్‌కి వెళ్లి ఎస్సైకి ఈ మాటే చెప్పండి, గ్రూపు రూల్ అని కాదు. ఆయనే తీయిస్తాడు.